ఇరవై రెండు జాకెట్టు ముక్కలు

ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలిగి నాలుగు రోజులైంది.

పొయ్యంటే ఘనమైనదేం కాదు. పెరటి వసారాలో, ఖాళీ కుండీల దొంతర పక్కన, ఒంటి బర్నరు గ్యాసు స్టవ్వు. మొక్కల లోడుతో బెంగళూరు వెళ్ళేటప్పుడు దారిలో టీ కాచుకోవడానికని సుధాకర్ కొనుక్కున్నాడు. ఈసారి లోడుతో మనిషి వెళ్ళాడు, స్టవ్వు మర్చిపోయాడు. దాని మీదే ఇప్పుడు అతని భార్య సాయిదుర్గ తనకీ, తన కూతురికీ సరిపడా అన్నం వండుకుంటోంది.

తోడికోడలు రామతులసి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చేతిలో పప్పు గిన్నె. గిన్నె వేడిగానే ఉండాలి. చేతికి తెలియడం లేదు.

"సాయీ, పప్పు ఎక్కువే ఉంది. పట్టుకెళ్ళు."

సాయిదుర్గ గరిటె తిప్పుతూనే ఉంది.

"పాపకైనా పెట్టు."

పాప స్కూలు బస్సెక్కి అరగంటైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అత్తగారు అమ్మణ్ణికి ఇలాంటివి చూస్తూ ఊరుకునే అలవాటు లేదు. వీధిలో ఎవరి ఇంట్లో గిన్నె జారినా ఇక్కణ్ణుంచే కబురడిగే మనిషి. నాలుగు రోజులు నోరు కట్టుకున్నదే ఎక్కువ.

"ఏమ్మా సాయీ, మగాడు ఊళ్ళో లేనప్పుడు వేరు పొయ్యి పెడితే, రేపు వాడొచ్చాక మేం ఏం చెప్పుకోవాలి?"

"మీరేం చెప్పక్కర్లేదండి అత్తయ్యా. నేనే చెప్పుకుంటాను."

"ఏమని?"

"రెండో బిడ్డ ఎందుకు లేదో చెప్తానండి."

అమ్మణ్ణి కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది.

రామతులసి పప్పు గిన్నె గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది. ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. ఆదివారం నుంచీ రావడం లేదు. ఎంతోసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, అలా ఉంది ఒళ్ళంతా. గిల్లినా తెలీదు.

ఆదివారం రాజమండ్రి నుంచి ఆశాజ్యోతి మేడమ్ వచ్చి సాయిదుర్గ హాస్పిటల్ ఫైలు చదివారు. మూడేళ్ళుగా బీరువాలో చీరల కింద పడున్న ఫైలు అది. అందులో ఇంగ్లీషు కాగితం ఒకటి ఎవరూ చదవనిది ఉంది. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశాక దాన్ని పరీక్షకి పంపితే వచ్చిన రిపోర్టు. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "ఇందులో ఏ జబ్బూ లేదమ్మా. తీసిన వాళ్ళే రాసుకున్నారు," అన్నారు.

ఇరవై అయిదేళ్ళ పిల్ల అప్పటికి. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని వెళ్ళింది. పొద్దస్తమానం వంగి కుండీల్లో మట్టి నింపితే ఎవరికి నడుం నొప్పి రాదు? డాక్టరమ్మ మాత్రం ఇప్పుడు తీయకపోతే కేన్సర్ అవుద్దని చెప్పేసింది. ఆ డాక్టరమ్మ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది రామతులసే.

*

పదకొండింటికి ఫోను మోగింది.

"ఏమ్మా తులసీ, ఫారం నింపావా? నాలుక్కే మీటింగు," అన్నారు ఆశాజ్యోతి మేడమ్.

ఈవిడ జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మోకాలు మార్పిస్తే ఏడాది తిరక్కుండా వదులైపోయింది. ఎవరూ పట్టించుకోకపోతే ఇంటర్నెట్‌లో వెతికి, అదే రకం మోకాలుతో అదే అవస్థ పడుతున్న నైరోబీ ఆవిడని పట్టుకున్నారు. అలా రెండు మోకాళ్ళతో మొదలైంది ఈ కూటమి. తర్వాత మనీలా నుంచి ఒకాయన, గ్లాస్గో నుంచి ఇంకొకావిడ కలిశారు. ఇప్పుడు పదకొండు దేశాలు. మందుల వల్లో, ఆపరేషన్ల వల్లో దెబ్బతిన్న మామూలు జనం. కడియం నర్సరీకి మందార మొక్కల కోసం కుంటుకుంటూ వచ్చి, మాటల్లో రామతులసిని కూడా ఇందులోకి లాగారు మేడమ్. ఏడాదిన్నర అయింది. అప్పటి నుంచీ రామతులసి ఎవరికీ హాస్పిటల్‌కి తోడు వెళ్ళలేదు. పైగా, తను తోడు వెళ్ళిన ఆడవాళ్ళందరి ఇళ్ళకీ తిరిగి, కాగితాలు పోగుచేసి, ఫిర్యాదు మీద వేలిముద్రలేయించింది. సాయిదుర్గతో కలిపి ఇరవై రెండు మంది. ఇంట్లో మనిషే కదా అని సాయిదుర్గ ఫైలు ఆఖర్న తీసింది. అదీ ఈ ఆదివారం.

"ఆరు ప్రశ్నల దాకా రాశానండీ," అంది.

"ఏడోది?"

"అదే అడుగుదామని."

"హాస్పిటల్ నుంచి గానీ, డాక్టర్ల నుంచి గానీ, మందుల కంపెనీల నుంచి గానీ ఏమైనా పుచ్చుకున్నారా అని. నీకేముంటుందమ్మా? లేదని టిక్కు పెట్టెయ్. ఇవాళ మన రూల్సు ఖాయమయ్యే రోజు. ఈ ఒక్క రూలు గట్టిగా పట్టుకోవాలి. కంపెనీల వాళ్ళే రోగుల పేరుతో సంఘాలు పెట్టించి తమ పాట పాడించుకుంటున్నారు. అందుకని మనం ఎవరి దగ్గర ఏం తీసుకున్నా పైకి చెప్పేస్తాం. దాచినట్టు తెలిస్తే ఇక ఆ మనిషి మన తరఫున మాట్లాడకూడదు."

"ఏమైనా అంటే... డబ్బేనాండీ?"

"డబ్బు, దారి ఖర్చులు, భోజనం, బహుమతి. ఏదైనా."

"బొట్టు పెట్టి ఇచ్చేవి కూడానాండీ?"

మేడమ్ నవ్వారు. "అదేంటమ్మా?"

"ఏం లేదండి. రాసి పంపుతాను."

ఫోను పెట్టేసి మంచం కింద ట్రంకు పెట్టె లాగింది.

పైనున్న దుప్పటి తీస్తే కింద జాకెట్టు ముక్కలు. దొంతరగా, మడత చెదరకుండా. అన్నీ మంచి బట్ట. పేరంటాల్లో చేతులు మారుతూ ఊరంతా తిరిగే పల్చటి ముక్కలు కావు. రంగూ అంచూ చూసి కొన్నవి.

ప్రతిసారీ ఒకే వరస. పేషెంటుని డిశ్చార్జి చేసే రోజు పొద్దున్నే డాక్టరమ్మ రామతులసిని తన గదిలోకి పిలిచేది. కుర్చీలో కూర్చోబెట్టేది. తనే లేచి బొట్టు పెట్టి, తమలపాకులు, రెండు అరటిపళ్ళు, జాకెట్టు ముక్క చేతిలో పెట్టేది. "ఇంటికొచ్చిన ఆడకూతుర్ని ఉట్టి చేతుల్తో పంపుతానా తులసమ్మా," అనేది. అంత చదువుకున్నావిడ తనకి లేచి బొట్టు పెడుతోందని రామతులసి పొంగిపోయేది. పేషెంటుకి మాత్రం ఎప్పుడూ పెట్టలేదే అన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. బొట్టు పెట్టి ఇచ్చింది కాదనకూడదు. తల్లి నేర్పింది, అత్త నేర్పింది. కాదంటే ఆవిణ్ణి అవమానించినట్టు.

రామతులసికి పదకొండేళ్ళ కిందట అదే డాక్టరమ్మ అదే ఆపరేషన్ చేసింది. తనకి నిజంగానే గడ్డలున్నాయి, రక్తం పోయి పోయి మనిషి పాలిపోయింది, ఆపరేషన్‌తో లేచి కూర్చుంది. ఆ మేలు అందరికీ జరగాలనుకుంది. ఎవరు నడుం నొప్పన్నా, నేనున్నాను పదమంది. పిచ్చి మొహం, పుణ్యం చేస్తున్నాననుకుంది.

"ఎన్నయ్యాయే?" గుమ్మంలోంచి అమ్మణ్ణి అడిగింది.

"ఇరవై ఒకటండీ."

"మొక్కు మొక్కుగానే ఉండిపోయింది. ముప్పై మూడు ఇవ్వాలన్నావు కదూ, కోరుకొండ స్వామి కొండెక్కి ముత్తైదువులకి. ఇంకో పన్నెండైతే అయిపోను."

రామతులసి తలెత్తి చూసింది. "పన్నెండంటే ఏంటో తెలుసాండీ అత్తయ్యా?"

"ఏంటి?"

"ఇంకో పన్నెండు మంది."

అమ్మణ్ణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ ఆ పెట్టెలోకి చూస్తూ ఉన్నారు. బయట కూలీలు లారీకి మొక్కలు ఎక్కిస్తూ ఒకటీ, రెండూ అని లెక్క పెట్టుకుంటున్నారు.

*

భర్త దొరబాబు భోజనానికొచ్చేసరికి ఫారం బల్ల మీదే ఉంది. ఏడో ప్రశ్న దగ్గర పెన్ను అడ్డంగా పెట్టి ఉంది.

భార్య చెప్పిందంతా అన్నం కలుపుతూ విన్నాడు. చెడ్డవాడు కాదు దొరబాబు. కాకపోతే ఇల్లు అనేది చెక్కు చెదరకూడదు ఆయనకి. మిగతావేమైనా చెదరొచ్చు.

"జాకెట్టు ముక్కని లంచం అన్న మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు తులసీ. ఎరువుల కంపెనీ ఆయన భార్యతో వస్తే ఆవిడకి అమ్మ బొట్టు పెట్టి పంపదా?"

"పంపుద్దండి. కానీ ఆవిడ మనకి మనుషుల్ని పట్టుకురాదు కదా."

"నువ్వు తెలిసి పట్టుకెళ్ళావా?"

"లేదు."

"మరింకేంటి?"

"తీసుకున్నారా అని అడిగారండి. తెలిసి తీసుకున్నారా అని అడగలేదు."

దొరబాబు ముద్ద కంచంలోనే వదిలేశాడు. రామతులసి మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది. ఆయన ముట్టుకోలేదు.

"చూడు. ఇరవై రెండు మంది నీ మొహం చూసి వేలిముద్రలేశారు. మనిషికో ముక్క పుచ్చుకున్నానని ఇప్పుడు నువ్వే చెప్తే, ఆ ఫిర్యాదు ఏమవుద్దో నాకు తెలీదు. సాయిదుర్గ ఏమవుద్దో తెలుసు. ఇప్పటికి పొయ్యి వరకే వేరైంది. ఈ మాట వింటే పిల్లని తీసుకుని గడప దాటేస్తుంది. తమ్ముడు దాని వెనకాలే పోతాడు. ఇల్లు రెండవుద్ది. అదేనా నీకు కావాల్సింది?"

"కాదండి."

"ఆ అమ్మాయికి ఇచ్చిందేదో ఉందన్నావు. అది ఎక్కడిదో దానికి తెలుసా?"

"తెలీదు."

"మరైతే లేదని టిక్కు పెట్టు. నీకు దణ్ణం పెడతాను."

మొగుడు దణ్ణం పెడతానన్న మాట పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఇదే మొదలు. రామతులసి పెన్ను తీసుకుంది. లేదు అన్న చోట టిక్కు పెట్టింది. వేళ్ళు ఎవరివో అన్నట్టు కదిలాయి. ఫొటో తీసి మేడమ్‌కి పంపేసింది. వెళ్ళిందని రెండు గీతలు పడ్డాయి.

దొరబాబు మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఆమె కూడా కూర్చుని తింది. పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

*

నర్సరీ ఆఫీసంటే రేకుల గది. గోడకి నిరుటి క్యాలెండరు, మూల గడ్డిమందు డబ్బాలు, బల్ల మీద ఆర్డర్లు చూసుకునే లాప్‌టాప్. నాలుక్కి రామతులసి దాని ముందు కూర్చుంది. తెర మీద చిన్న చిన్న గడుల్లో మొహాలు. ఒకరి దగ్గర పగలు, ఒకరి దగ్గర దీపాలు.

ఆశాజ్యోతి మేడమ్ ఓ గడిలోంచి తెలుగులో చెప్తున్నారు. "ముందు ఎవరు ఏం పుచ్చుకున్నారో చెప్తారమ్మా. తర్వాత ఎవరు ఎక్కడి తరఫున మాట్లాడాలో ఖాయం చేస్తారు. ఈ జిల్లాల ఫిర్యాదు నీ గొంతుతోనే వెళ్తుంది."

మనీలా పెద్దాయన మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళ కిందట ఓ కంపెనీ వాళ్ళు సభకి పిలిస్తే వెళ్ళాడట, చేపల కూరతో భోజనం పెట్టారట. రెండుసార్లు వడ్డించుకున్నానని కూడా చెప్పాడు. నైరోబీ ఆవిడ గొడుగు చెప్పింది. గొడుగు మీద మందు పేరుంది. వాన పడుతుంటే తీసుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను అంది. అందరూ మెల్లగా నవ్వారు. అవన్నీ రాసుకున్నారు. తప్పుపట్టిన వాళ్ళు లేరు.

రామతులసికి వాళ్ళ మీద అసూయ వేసింది. భోజనమూ గొడుగూ. ఎంత హాయిగా చెప్పేశారు.

తలుపు కిర్రుమంది. సాయిదుర్గ వచ్చింది.

తల దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో హాస్పిటల్ ఫైలు. మంచి రోజులకి తీసే ఆకుపచ్చ జాకెట్టు వేసుకుంది, ఆవపువ్వు రంగు అంచుది.

"జరుగక్కా."

నాలుగు రోజుల్లో మొదటి మాట. రామతులసి జరిగింది. సాయిదుర్గ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. మెడ మీద చెమట పట్టి ఉంది. ఈ మూడేళ్ళుగా ఆ పిల్లకి ఎప్పుడు పడితే అప్పుడు ఒళ్ళు సెగలు కక్కుతుంది, ఇరవై ఎనిమిదేళ్ళకే.

"కోపం పోలేదు," అంది తెర వైపే చూస్తూ, చిన్న గొంతుతో. "కానీ పొద్దున్నుంచీ ఆలోచించాను. వాళ్ళు నన్నెంత మోసం చేశారో నిన్నూ అంతే చేశారు. నాకోసం ఆ వరండాలో చాపేసుకుని అయిదు రాత్రులు పడుకున్నావు. బెడ్‌పాన్ ఎత్తావు. నీకేం ఒరిగింది? ఏం లేదు కదా. ఉట్టి ప్రేమకొద్దీ వచ్చావు. అంత చేసినదాన్ని పట్టుకుని నేను పొయ్యి వేరు పెట్టాను."

రామతులసి లాప్‌టాప్ కాస్త ఆమె వైపు తిప్పింది.

"నా ఫైలు నేనే చూపిస్తాను వాళ్ళకి. నువ్వు చెప్పు, నేను చూపిస్తాను," అని సాయిదుర్గ తన చెయ్యి తీసి రామతులసి మోకాలి మీద వేసింది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆదివారం నుంచీ వేడీ చల్లనా తెలియని ఒంటికి ఆ వెచ్చదనం తెలిసింది. తెలియగానే నొప్పి పుట్టింది. ఎక్కడని చెప్పలేనంత నొప్పి. నాలుగు రోజులు రాని ఏడుపు ఇక వచ్చేలా ఉంది.

"తులసీ, నీ వంతు," అన్నారు మేడమ్ తెరలోంచి. "ఏడో ప్రశ్నకి లేదని రాశావు. అదే చెప్పేశాను. సరే కదూ? ముందుకెళ్దామా?"

తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. కిటికీ అవతల దొరబాబు లారీ పక్కన నిలబడి ఇటే చూస్తున్నాడు. సాయిదుర్గ ఫైలు తాడు విప్పుతోంది, ఒంటి చేత్తో. రెండో చెయ్యి మోకాలి మీదే ఉంచింది.

"ఆగండి మేడమ్."

"ఏమ్మా?"

"అది తప్పు రాశాను."

గడుల్లో మొహాలు ఆగాయి. సాయిదుర్గ తాడు విప్పడం ఆపింది.

"పుచ్చుకున్నానండి. హాస్పిటల్‌కి తోడు వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మ బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చేది. మర్యాద అనుకున్నాను. కాదనలేదు."

ఆశాజ్యోతి మేడమ్ ఇంగ్లీషులో మొదలుపెట్టారు. జాకెట్టు ముక్క దగ్గర తడుముకుని, చేతుల్తో బట్ట కొలత చూపించారు. సగం చెప్పి ఆగిపోయారు. పొద్దున్న ఫోనులో విన్న మాట ఇప్పుడు తగిలింది కాబోలు, కళ్ళజోడు తీసేశారు.

"ఎన్ని తులసీ?"

"మనిషికొకటండి. ఇరవై రెండు."

మనీలా పెద్దాయన నవ్వలేదు. నైరోబీ ఆవిడ ముందుకు వంగి ఏదో అడిగింది. మేడమ్ వెంటనే తెలుగులోకి మార్చలేదు. రామతులసి అందుకుంది.

"అన్నీ ఉన్నాయండి. ఇరవై ఒకటి పెట్టెలో ఉన్నాయి. మడత కూడా విప్పలేదు. చూపించమంటే చూపిస్తాను."

"ఆవిడ అదే అడుగుతోందమ్మా," అన్నారు మేడమ్ మెల్లగా. "మిగతా ఒక్కటీ ఏమైందని."

రామతులసి పక్కకి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. మోకాలి మీది చెయ్యి లేవడం మాత్రం తెలిసింది. ఆ చెయ్యి వెళ్ళి సాయిదుర్గ కుడి భుజం దగ్గర ఆగింది. ఆవపువ్వు రంగు అంచుని వేళ్ళతో పట్టుకుని, బట్ట కొనేవాళ్ళు చూసినట్టు ఒకసారి నలిపి చూసుకుంది.

"అక్కా," అంది సాయిదుర్గ, "ఇది నాకు పదో రోజు నీళ్ళు పోసి, బొట్టు పెట్టి ఇచ్చావు."